రెయిడ్ కార్డు మీద నింద వేసే ముందు

విజయనగరంలో కూర్చుని పాత సర్వర్లు బాగుచేసే నాలాంటి వాడికి వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. "రెయిడ్ కార్డు పోయిందండి, కొత్తది ఎంతవుతుంది?" రెయిడ్ కార్డంటే సర్వర్‌లోని డిస్కులను ఒక సమూహంగా కలిపి నడిపే కార్డు. పోయిందని ఎలా తెలిసిందని అడిగితే సరైన జవాబు రాదు. నారింజ రంగు దీపం వెలిగింది, తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది, పక్క ఆఫీసు కుర్రాడు చూసి చెప్పాడు. నిజంగా కార్డే చచ్చిన సందర్భాలు తక్కువ. బ్యాటరీ, కేబుల్, దుమ్ము, వేడి, అప్పుడప్పుడు డిస్కు: చేసేది ఇవి, పేరు పడేది కార్డుకి.

జనపనార మిల్లు కాటా గది, కాలేజీ ఆఫీసు, నర్సింగ్‌హోం బిల్లింగ్ కౌంటరు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కల గది. ఇలాంటి చోట్ల డెల్ పవర్‌ఎడ్జ్ 2950, ఆర్710, హెచ్‌పీ ప్రోలయంట్ డీఎల్380 ఐదు, ఆరు, ఏడో తరం యంత్రాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటిలో డెల్‌వైతే పెర్క్ 5ఐ, పెర్క్ 6ఐ, హెచ్700, హెచ్‌పీవైతే స్మార్ట్ అర్రే పీ400, పీ410 రకం కార్డులు ఉంటాయి. ఈ వ్యాసం వాటిని చూసుకునేవారి కోసం. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చి, లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో సర్వర్‌ని ఎక్కించడం (బూట్ చేయడం) తెలిస్తే చాలు.

ముట్టుకోక ముందు

తెర మీద ఏం కనబడుతోందో ఫోనుతో ఫొటో తీయండి. పైకి జరిగిపోయే సందేశాలైతే వీడియో తీయండి. తర్వాత డిస్కుల ముందువైపు దీపాలను ఫొటో తీసి, ప్రతి డిస్కు పెట్టె మీద కాగితపు టేపు అంటించి దాని స్లాట్ సంఖ్య రాయండి. చాలా సర్వర్లలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి మీ లెక్క కాకుండా పెట్టె మీద అచ్చు వేసి ఉన్న సంఖ్యే రాయాలి.

చేయకూడనివి మూడున్నాయి. సర్వర్‌ని మళ్లీ మళ్లీ ఆపి, తిరిగి ఆన్ చేయడం ఒకటి. ఏ డిస్కు ఎక్కడిదో గుర్తు పెట్టకుండా అటూ ఇటూ మార్చడం రెండోది. కార్డు మెనూలో "క్లియర్", "ఇనిషియలైజ్" అన్న మాటలు కనబడగానే ఎంటర్ నొక్కడం మూడోది. మొదటి రెండూ చేసినవారికి తరచూ దారి దొరుకుతుంది. మూడోది చేసినవారి దగ్గరికి వెళ్లాలంటే నాకు కాళ్లు రావు.

ఎందుకంటే ఏ డిస్కు ఏ సమూహంలోది, వరుస ఏమిటి, ముక్క పరిమాణం ఎంత అన్న పటం ఈ కార్డుల్లో ప్రతి డిస్కు మీదా రాసి ఉంటుంది. కార్డు కాలిపోయినా ఆ పటం పోదు. అదే రకం కార్డు ఇంకొకటి పెడితే దాన్ని చదువుకుని మీ డేటాను మళ్లీ చూపిస్తుంది. పటాన్ని చెరిపేది మనుషుల చేతులే.

ఆ తర్వాత అడగాల్సింది యంత్రాన్ని కాదు, ఆ గదిలో పనిచేసేవాళ్లను. నిన్న కరెంటు ఎన్నిసార్లు పోయింది? పిడుగు పడిందా? యూపీఎస్ మార్చారా? ఎవరైనా ఊడుస్తూ సర్వర్‌ని పక్కకు జరిపారా? స్వీపరమ్మను అడగండి, యజమానికి తెలియనిది ఆవిడకు తెలుస్తుంది.

లక్షణాన్ని బట్టి అనుమానం

ఒక్క డిస్కు దీపం మాత్రమే నారింజ రంగులో ఉంటే అనుమానించాల్సింది ఆ డిస్కునే. కార్డు మాట ఎత్తకండి. రెండు మూడు డిస్కులు ఒకే క్షణంలో మాయమైతే అన్నీ ఒకేసారి చావవు కాబట్టి వాటికి ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి: కేబుల్, డిస్కులు గుచ్చుకునే వెనకపలక, దానికి వచ్చే కరెంటు, చివరగా కార్డు. సర్వర్ ఎక్కేటప్పుడు కార్డు పేరే కనబడకపోతే స్లాట్ గానీ, స్లాట్‌ను మోసే రైజర్ పలక గానీ, కార్డు గానీ కారణం. పొద్దున బాగుండి మధ్యాహ్నం రెండింటికి పడిపోతుంటే వేడి. కార్డు మెమరీలో దిద్దలేని తప్పులున్నాయని సందేశం వస్తే మెమరీ చిప్పులే కారణం. కొన్ని కార్డుల్లో ఆ మెమరీ విడిగా ఊడి వస్తుంది, అలాంటప్పుడు కార్డును పారేయనక్కర్లేదు. డీఎల్380 ఆరు, ఏడో తరాల్లో పీ410ఐ మదర్‌బోర్డులోనే ఉంటుంది, ఊడేది క్యాష్ మెమరీ (రాయాల్సినదాన్ని కాసేపు పట్టి ఉంచే మెమరీ) మాడ్యూల్ మాత్రమే. ఆ మాడ్యూల్ తీసేసి నడపవచ్చని కొందరు సలహా ఇస్తారు. రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే పద్ధతి) ఉన్నవాళ్లు ఆ సలహా వినకండి, అది నడవాలంటే క్యాష్ మాడ్యూల్ ఉండి తీరాలి.

పడిపోవడం లేదు గానీ ఉన్నట్టుండి నత్తనడక మొదలైందంటే బ్యాటరీ. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

బ్యాటరీ

శ్రీకాకుళంలో ఒక నర్సింగ్‌హోం బిల్లింగ్ కౌంటరులో పెద్దావిడ నాతో అన్న మాట ఇది: "బాబూ, పొద్దున్న బిల్లు టక్కున వస్తుంది. సాయంత్రం ఓపీ మొదలయ్యాక బిల్లు కొట్టి నేను మంచినీళ్లు తాగి వచ్చినా గుండ్రం తిరుగుతూనే ఉంటుంది." కొత్త సర్వర్ కొనమని అంతకుముందే ఎవరో ధర కూడా రాసి ఇచ్చేశారు. "అమ్మా, ఇది ఎప్పటినుంచి?" అంటే, "వారం పైనే అయింది, అంతకుముందు బాగానే ఉండేది" అన్నారు. వారం కిందట మొదలైన ముసలితనం ఉండదు. కార్డు మెనూలో బ్యాటరీ వరుస చూస్తే విఫలమైందని రాసి ఉంది. బ్యాటరీ మార్చాక ఆ సర్వర్ మళ్లీ మామూలుగానే నడిచింది.

జరిగేది ఇదీ. ప్రోగ్రామ్ ఏదైనా రాయమన్నప్పుడు కార్డు దాన్ని తన క్యాష్ మెమరీలోకి తీసుకుని "రాసేశాను" అని వెంటనే చెప్పేస్తుంది, తీరిగ్గా డిస్కుల మీదికి దింపుతుంది. దీన్ని రైట్‌బ్యాక్ అంటారు. మధ్యలో కరెంటు పోతే ఆ మెమరీలో ఉన్నది పోకుండా బ్యాటరీ కాపాడుతుంది. బ్యాటరీ బలహీనమైందని తెలిసిన మరుక్షణం కార్డు జాగ్రత్త పడి, డిస్కు మీద నిజంగా పడ్డాకే "రాసేశాను" అంటుంది. ఇది రైట్‌త్రూ. రెయిడ్ 5లో ఒక చిన్న ముక్క రాయాలన్నా పాత ముక్క, పాత పారిటీ (పోయిన డిస్కులోదాన్ని తిరిగి లెక్కగట్టడానికి రాసుకునే అదనపు ముక్క) చదివి, కొత్త ముక్క, కొత్త పారిటీ రాయాలి, అంటే నాలుగు పనులు. క్యాష్ అండ లేకపోతే ఆ భారమంతా వాడేవాళ్లకు తెలిసిపోతుంది. చదవడం మామూలుగానే ఉండి, రాయడం మాత్రమే నెమ్మదించిందంటే ముందుగా చూడాల్సింది ఇదే.

డెల్ కార్డుల్లో సర్వర్ ఎక్కేటప్పుడు కంట్రోల్, ఆర్ మీటలు కలిపి నొక్కితే మెనూ వస్తుంది. ఎల్‌ఎస్‌ఐ మెగారెయిడ్ కార్డుల్లో కంట్రోల్, హెచ్. హెచ్‌పీ స్మార్ట్ అర్రేలో ఎఫ్8. సర్వర్ ఆపడం కుదరకపోతే మెగాసీఎల్‌ఐ, స్టోర్‌సీఎల్‌ఐ, హెచ్‌పీ అయితే హెచ్‌పీఏసీయూసీఎల్‌ఐ అనే ఆదేశాల పనిముట్లు నడుస్తున్న సర్వర్లోనే బ్యాటరీ సంగతి చెబుతాయి. కంగారు పడే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి. ఎల్‌ఎస్‌ఐ చిప్పు ఉన్న కార్డులు (పైన చెప్పిన డెల్ కార్డులూ ఈ రకమే) సుమారు 90 రోజులకోసారి బ్యాటరీని పూర్తిగా దింపి మళ్లీ ఎక్కించి దాని సత్తా కొలుచుకుంటాయి. ఆ కొన్ని గంటలు నెమ్మదిగా ఉండడం సహజం. మర్నాటికి కూడా అలాగే ఉంటేనే బ్యాటరీ చెడినట్టు.

బ్యాటరీ లేకపోయినా రైట్‌బ్యాక్‌లోనే నడిపించమని కార్డును బలవంతపెట్టే ఎంపిక మెనూలో ఉంటుంది. వేగం తిరిగి వస్తుంది, యజమాని సంతోషిస్తాడు, కుర్రాడికి మంచి పేరు వస్తుంది. తర్వాత కరెంటు పోయిన రోజున డేటాబేస్ చిరుగుతుంది. మన జిల్లాల్లో కరెంటు తీరు తెలిసినవాళ్లెవరూ ఆ ఎంపిక వాడకూడదు.

బాగున్న బ్యాటరీ అయినా క్యాష్‌ను ఒకటి రెండు రోజులు, కొన్ని కార్డుల్లో మూడు రోజుల దాకా మాత్రమే కాపాడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో ఎన్నాళ్లు చీకటిగా ఉన్నాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు యూపీఎస్ అయిపోయి పడిపోయిన సర్వర్ క్యాష్‌లోది మిగలదు. కరెంటు వచ్చాక, క్యాష్‌లోని డేటా పోయిందని కార్డు చెబుతుంది. దాన్ని చూసి కార్డు కాలిందనుకుంటారు. తుపాను హెచ్చరిక రాగానే సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే క్యాష్ మొత్తం డిస్కుల మీదికి దిగిపోతుంది, బ్యాటరీతో పనే ఉండదు.

మరో ముఖ్యమైన సంగతి. సర్వర్ అర్ధంతరంగా ఆగిపోయి, క్యాష్‌లో ఇంకా దించని డేటా ఉందన్న అనుమానం ఉంటే బ్యాటరీని కార్డు నుంచి విడదీయకండి. విడదీసిన క్షణాన ఆ డేటా పోతుంది. కార్డు బయటికి తీయాల్సి వస్తే బ్యాటరీ, మెమరీ, కార్డు మూడూ కలిపే తీయండి. బ్యాటరీ ఉబ్బి కనబడితే మాత్రం ఆలోచించకుండా తప్పించండి. లిథియం బ్యాటరీ ఉబ్బిందంటే అది డేటా సమస్యను దాటి నిప్పు సమస్య అయింది.

దుమ్ము, ఉప్పు, వేడి

నెల్లిమర్ల, బొబ్బిలి వైపు జనపనార మిల్లుల్లో సర్వర్ మూత తీస్తే మొదట కనబడేది కార్డు కాదు, పీచు. చిప్పు వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య కంబళిలా పరుచుకుని ఉంటుంది. వేలితో ఒక అంచు పట్టి లాగితే పొర మొత్తం రెక్కల అచ్చుతో సహా ఊడి వస్తుంది. దాని కింద చిప్పు కాలుతూ ఉంటుంది. ఈ కార్డుల చిప్పు మీద సొంత ఫ్యాన్ ఉండదు, సర్వర్ ముందు నుంచి వెనక్కి లాగే గాలే దిక్కు. అందుకే మూత తెరిచి పెట్టి "చల్లగా ఉంటుందని" నడిపేవాళ్లు తెలియకుండానే కార్డును వేయిస్తున్నారు. గాలి నడిచే దారి మూత మూసినప్పుడే కుదురుతుంది.

రైసు మిల్లుల్లో తవుడు, పలాసలో జీడిగింజల వేపుడు పొగతో కలిసి జిగురుగా పట్టే దుమ్ము. భోగాపురం, కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి వల్ల కనెక్టర్ల మీద పచ్చటి చిలుము. ఊరిని బట్టి రోగం మారుతుంది.

శుభ్రం చేసే తీరు చెబుతాను. షట్‌డౌన్ చేసి, రెండు పవర్ సప్లయిల తీగలూ పీకి, లోపలి చిన్న దీపాలు ఆరేదాకా ఆగండి. సర్వర్ ఇనుప చట్రాన్ని చేత్తో తాకి ఒంట్లోని స్టాటిక్ దించుకోండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్లు గిర్రున తిరగకుండా వేలు అడ్డం పెట్టండి. సర్వర్‌ని ఆరుబయటికి తెచ్చి కొట్టాలి, లేకపోతే ఒక యంత్రం దుమ్ము పక్క యంత్రంలోకి పోతుంది. కార్డు అంచున బంగారు పూత పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నాకది ఇష్టం లేదు. పూత పలచన, రుద్దిన కొద్దీ పోతుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. నూగు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు. హీట్‌సింక్‌ను వేలితో కదిపి చూడండి. అది వదులుగా ఊగుతుంటే కింద పేస్టు ఎండి రాయి అయి ఉంటుంది. గీకి, తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు వేసి బిగించండి.

ఒక్కసారికి ఒక్క మార్పు

ఇప్పుడు కార్డును తిరిగి గట్టిగా కూర్చోబెట్టి, కేబుళ్లను రెండు కొసలా టక్కుమనే దాకా నొక్కి, సర్వర్‌ని ఎక్కించండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే రెండు కేబుళ్లున్న యంత్రంలో కేబుళ్లను మాత్రం తారుమారు చేయండి. చెడ్డ డిస్కులు వరుస మారితే కేబుల్ దోషం. మారకపోతే మరో స్లాట్, ఆ తర్వాత మరో రైజర్. అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, వచ్చే నెల మళ్లీ మొదటికి వస్తారు.

సర్వర్ ఎక్కుతుంటే కార్డు దినచర్యను, అంటే ఈవెంట్ లాగ్‌ను తీసి దాచండి. డిస్కుకి రెండు రకాల తప్పుల లెక్క ఉంటుంది. ఉపరితలంలో చదవలేని చోట్లకు "మీడియా ఎర్రర్", మిగతా వాటికి "అదర్ ఎర్రర్". ఒక డిస్కులోనే మీడియా ఎర్రర్లు పెరుగుతుంటే ఆ డిస్కు పని అయిపోయింది. అన్ని డిస్కుల్లోనూ అదర్ ఎర్రర్లు కలిసి పెరుగుతుంటే దారిలోనే దోషం: కేబుల్, వెనకపలక, కార్డు. లైనక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ అనే పనిముట్టుకి మెగారెయిడ్ అని చెప్పి డిస్కు సంఖ్య ఇస్తే కార్డు వెనక ఉన్న డిస్కు ఆరోగ్యం కూడా చదివి చెబుతుంది.

కార్డే పోయిందని తేలితే

అదే మోడల్, వీలైతే దగ్గరి ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సొంత ప్రోగ్రామ్) ఉన్న కార్డు తెచ్చుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాతవి దొరుకుతాయి. అదే కుటుంబంలో పై తరానికి వెళ్లవచ్చు: పెర్క్ 5 డిస్కులను పెర్క్ 6 చదువుతుంది, పీ400 డిస్కులను పీ410 చదువుతుంది. డెల్ నుంచి హెచ్‌పీకి దూకడం మాత్రం కుదరదు. పెర్క్ 6ఐ 2 టెరాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా వాడుకోలేదు, ఈ పనిలో పనిగా పెద్ద డిస్కులు వేద్దామనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. కొనేటప్పుడు కేబుల్ సాకెట్ రకం ఫొటో పంపి సరిచూసుకోండి. పెర్క్ 6ఐ సాకెట్, హెచ్700 సాకెట్ ఒకటి కావు.

వచ్చిన కార్డును నేరుగా మీ డిస్కులకు తగిలించకండి. డిస్కులన్నీ ఒక అంగుళం బయటికి లాగి ఉంచి, కార్డు ఒక్కదానితో సర్వర్ ఎక్కించండి. పాత యజమాని కాన్ఫిగరేషన్ ఏదైనా మిగిలి ఉంటే ఇప్పుడే, డిస్కులు తగలని ఈ దశలోనే తుడిచేయండి. "క్లియర్" అన్న మాటకు ఈ వ్యాసంలో అనుమతి ఉన్న చోటు ఇదొక్కటే. తర్వాత ఆపి, డిస్కులన్నీ తమ స్లాట్లలోకి నెట్టి, మళ్లీ వేయండి. డెల్, ఎల్‌ఎస్‌ఐ కార్డులు "ఫారిన్ కాన్ఫిగరేషన్" ఉందని అడుగుతాయి. మెనూలోకి వెళ్లి ముందుగా ప్రివ్యూ చూడండి. డిస్కుల సంఖ్య, రెయిడ్ రకం, పరిమాణం మీకు తెలిసినట్టే ఉంటే "ఇంపోర్ట్" నొక్కండి. హెచ్‌పీ కార్డులు సాధారణంగా అడగకుండానే చదువుకుంటాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. రెయిడ్ 5లో నాలుగు డిస్కులున్నాయనుకోండి. రెండో డిస్కు ఆషాఢంలోనే పడిపోయింది, ఎవరూ దీపం చూడలేదు. నిన్న సున్నా డిస్కు కూడా పడిపోయాక గగ్గోలు మొదలైంది. ఇప్పుడు ఏదో ఒకదాన్ని బలవంతంగా ఆన్‌లైన్ చేస్తే సమూహం లేస్తుంది. లేపాల్సింది నిన్న పడినదాన్ని. దానిలో నిన్నటిదాకా డేటా ఉంది. ఆషాఢంలో పడినదాన్ని లేపితే పాత ముక్కలు, కొత్త ముక్కలు కలిసి మొత్తం గందరగోళం అవుతుంది, పైకి మాత్రం బాగానే కనబడుతుంది. ఏది ముందు పడిందో ఈవెంట్ లాగ్ చెబుతుంది. అందుకే దాన్ని దాచమన్నాను. లాగ్ దొరక్కపోతే ఆగిపోండి, అన్ని డిస్కుల నకళ్లు తీశాకే ప్రయోగాలు.

సమూహం లేచాక సంబరంగా విండోస్‌ని ఎక్కించవద్దు. అది ఎక్కగానే డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కి, చదవడానికి మాత్రమే తగిలించి, ముఖ్యమైనవన్నీ బయటి డిస్కుకు కాపీ చేయండి. ట్యాలీ ఫోల్డర్, డేటాబేస్ ఫైళ్లు, స్కాన్ చేసిన కాగితాలు. "రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు" అని అడిగే యజమానిని ఈ కాపీ నడుస్తుండగా పక్కన కూర్చోబెట్టుకోవడం నా అలవాటు. కాపీ అయ్యాకే ఫైల్ సిస్టమ్ తనిఖీ, ఆ తర్వాతే చెడ్డ డిస్కు మార్చి రీబిల్డ్, అంటే కొత్త డిస్కును మిగతావాటి సాయంతో నింపడం. రీబిల్డ్‌లో మిగిలిన ముసలి డిస్కులన్నింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. రెండో డిస్కు పడిపోయేది సాధారణంగా ఆ ఒత్తిడిలోనే.

అదే రకం కార్డు ఎక్కడా దొరకకపోతే, డిస్కులను రెయిడ్ చేయని మామూలు ఎస్‌ఏఎస్ (సర్వర్ డిస్కులు తగిలే రకం) కార్డుకి ఒక్కొక్కటిగా తగిలించి డీడీరెస్క్యూ అనే లైనక్స్ పనిముట్టుతో నకళ్లు తీయండి. ఎల్‌ఎస్‌ఐ కుటుంబం డిస్కుల మీద రాసే పటం డీడీఎఫ్ అనే ప్రమాణాన్ని అనుసరిస్తుంది, లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ నడిపే ఎండీఏడీఎంకి ఆ ప్రమాణం తెలుసు. నకళ్ల మీదే ప్రయత్నించండి, అసలు డిస్కులు బీరువాలో ఉండాలి.

ఇంత చేశాక ఆ యంత్రాన్నే కొనసాగించాలా అన్నది వేరే ప్రశ్న. పదిమంది వాడే ఆఫీసుకు నేనైతే కార్డు లేకుండా రెండు కొత్త డిస్కులను లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1లో అద్దం పెట్టి ఇస్తాను. డిస్కు ఏ కంప్యూటర్‌కైనా తగిలించి చదువుకోవచ్చు, బ్యాటరీ వెతుక్కోనక్కర్లేదు. పాత కార్డుతోనే నడిపేటట్టయితే కార్డు మోడల్, ఫర్మ్‌వేర్ సంఖ్య, బ్యాటరీ వేసిన తేదీ, ఏ స్లాట్‌లో ఏ డిస్కు అన్నది ఒక కాగితం మీద రాసి సర్వర్ మూత లోపలివైపు అంటించండి. డిస్కుల్లోని డేటా, పారిటీ సరిపోతున్నాయా అని నెలకోసారి నడిచే కన్సిస్టెన్సీ చెక్‌ను రాత్రిపూట పెట్టండి. లైన్ల మరమ్మతుకని విద్యుత్తు శాఖ పగలు కరెంటు తీసే రోజులతో అది ఢీకొనకుండా చూసుకోండి.